రంగం ఓడ నుంచి గల్ఫ్ విమానం దాకా

శుక్రవారం సెలవు రోజు. బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోను చేసుకుని నలుగురం ఒకచోట చేరితే మాట ఎటు తిరిగినా చివరికి ఊరి దగ్గరే ఆగుతుంది. అమలాపురం అన్న గోదావరి గురించి చెబుతాడు. సోంపేట తమ్ముడు వలల గురించి, చేపల గురించి చెబుతాడు. జగిత్యాల బావ ఎండిన బోర్ల గురించి చెబుతాడు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు: "అంత పొడుగు సముద్రం, రెండు పెద్ద నదులు, అన్ని రేవులు ఉన్న నేల కదా మనది. మరి మనం ఇక్కడెందుకున్నాం?"

తలరాత అనో, చదువు అబ్బలేదనో సర్దిచెప్పుకుని మనం నిద్రపోతాం. కానీ ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబు ఉంది. దాన్ని వెతుక్కుంటూ పోతే, మనకు ఏ సంబంధమూ లేదనుకున్న ఒక చలిదేశపు ఊరు తగులుతుంది. స్కాట్లాండ్‌లో క్లైడ్ నది ఒడ్డున ఉన్న గ్లాస్గో అది. మన తాతముత్తాతలు రంగం వెళ్లిన ఓడల లెక్క ఆ ఊళ్లో ఉంది. మనం ఇప్పుడు పనిచేస్తున్న గల్ఫ్ చమురు లెక్కలో కొంత భాగం కూడా అక్కడే మొదలైంది.

కాలినడకన దాటిన నది

గ్లాస్గోకు సముద్రం దగ్గరే గానీ, మొదట్లో మంచి రేవు లేదు. 250 ఏళ్ల క్రితం క్లైడ్ నదిలో పోటు తగ్గితే కొన్నిచోట్ల మనిషి నడిచి దాటేవాడు. పెద్ద ఓడలు ఊరికి చాలా దూరంలోనే ఆగిపోయేవి. అమెరికా నుంచి పొగాకు తెప్పించి లాభపడిన వర్తకులు ఊరుకోలేదు. 1770ల్లో జాన్ గోల్బోర్న్ అనే ఇంజినీరు సలహాతో నది రెండు ఒడ్ల నుంచీ లోపలికి రాతి కట్టలు కట్టించారు. నీటి దారి ఇరుకై, ప్రవాహం జోరందుకుని, అడుగున ఉన్న ఇసుకను నదే కోసుకుంటూ పోయింది. తర్వాత యంత్రాలతో పూడిక తీశారు. నూరేళ్లు గడిచేసరికి మహాసముద్రాలు దాటే ఓడలు ఊరి నడిబొడ్డుకు వచ్చి ఆగాయి. క్లైడ్ గ్లాస్గోను చేసింది, గ్లాస్గో క్లైడ్‌ను చేసింది అని అక్కడివాళ్లు చెప్పుకునే మాట అందుకే పుట్టింది.

చుట్టుపక్కల బొగ్గు, ఇనుము దొరికాయి. గ్లాస్గో యూనివర్సిటీలో పనిముట్లు బాగుచేసే జేమ్స్ వాట్ 1760ల్లో ఆవిరి యంత్రం మీద పనిచేసి దాన్ని మెరుగుపరిచాడు. 1812 లో 'కామెట్' అనే ఆవిరి పడవ క్లైడ్ మీద ప్రయాణికులతో తిరిగింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, 1913 నాటికి, ప్రపంచం మొత్తంలో కొత్తగా నీళ్లలోకి దిగిన ఓడల్లో దాదాపు ఐదో వంతు ఈ ఒక్క నది ఒడ్డునే తయారయ్యేవి. రైలింజన్లూ అక్కడే చేశారు. 1903 లో మూడు కంపెనీలు కలిసి ఏర్పడిన నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ ఇండియాకు ఎన్నో ఇంజన్లు పంపింది. ఆ బరువైన ఇంజన్లను ఓడల్లోకి ఎత్తడానికి 1930ల మొదట్లో కట్టిన ఫిన్నిస్టన్ క్రేను ఇప్పటికీ నది ఒడ్డున నిలబడే ఉంది. ఎత్తడానికి ఇంజన్లు లేవు గనుక ఇప్పుడది చూడ్డానికి మాత్రమే.

మనకున్నదేమిటి, లేనిదేమిటి

ఇక మన తీరం సంగతి చూద్దాం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. ఈ మధ్య వంకలూ మలుపులూ కలిపి కొత్తగా కొలిస్తే వెయ్యి దాటింది. 2014 లో రాష్ట్రం విడిపోయాక ఈ తీరమంతా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, తెలంగాణకు సముద్రం లేదు. అయినా పాత రోజుల్లో కూడా తెలంగాణ సరుకు సముద్రం చేరాలంటే ఇటే దారి. 1889 లో నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది.

గోదావరి, కృష్ణ తెచ్చిన ఒండ్రుతో డెల్టాలు ఏర్పడ్డాయి. పంటకు మేలు చేసిన ఆ ఒండ్రే రేవుకు కీడు చేసింది. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు పూడిపోయింది. 1789 లో ఒకసారి, 1839 లో మరోసారి వచ్చిన తుపాను ఉప్పెనలు దాన్ని కోలుకోనివ్వలేదు. బందరును 1864 ఉప్పెన ముంచేసింది. కాకినాడకు హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ అడ్డుగా నిలిచి అలల నుంచి కాపాడింది. కానీ అక్కడ కూడా నీరు లోతు లేక పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసేవి. మనుషులనూ సరుకులనూ పడవల మీద అక్కడికి చేర్చాల్సి వచ్చేది. విశాఖలో కొండ చాటు ఉంది గానీ, లోపలంతా బురద నేల.

క్లైడ్ పూడితే తవ్వుకోవడానికి గ్లాస్గో వర్తకుల చేతిలో డబ్బు, అధికారం రెండూ ఉన్నాయి. మన రేవులు పూడితే నిర్ణయం మద్రాసులోనో లండన్‌లోనో జరగాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు అయింది మన తీరం పని.

పని జరిగినచోట ఫలితం కళ్లకు కనిపించింది. 1832-33 లో వచ్చిన నందన కరువులో గుంటూరు ప్రాంతం శవాల దిబ్బ అయింది. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ 1847 లో మొదలుపెట్టి 1852 కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. 1855 కు బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టా లేచింది. కాలువలు పారాయి, పడవలు తిరిగాయి, వరి పండింది. కానీ కాలువ పారని చోట పాత బతుకే మిగిలింది. ఉత్తరాన విశాఖపట్నం, గంజాం జిల్లాల మెట్ట భూములకు ఆనకట్టా లేదు, కాలువా లేదు. డెల్టాలో కూడా నీరు భూమి ఉన్నవాడికే అందింది. భూమి లేనివాడికి దక్కింది కూలి మాత్రమే. అలాంటి వాళ్ల దగ్గరకే గ్లాస్గో ఓడ వచ్చింది.

మేస్త్రీ చేతిలో బయానా, ఓడలో డెక్కు

స్కాట్లాండ్‌లో క్యాంప్‌బెల్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టిన విలియం మెకిన్నన్ గ్లాస్గోలో పనిచేసి, 1847 లో కలకత్తా వచ్చాడు. 1856 లో కలకత్తా అండ్ బర్మా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టాడు. 1862 లో అదే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మారింది. దాని ఓడలు చాలావరకు క్లైడ్ ఒడ్డునే తయారయ్యేవి. కలకత్తా నుంచి మన తీరం వెంట దిగుతూ రేవు రేవుకూ ఆగేవి. భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి రంగం వెళ్లేవాళ్లు వాటినే ఎక్కేవాళ్లు. మనవాళ్లు రంగూన్‌ను రంగం అనేవాళ్లు.

అంతమంది రంగమే ఎందుకు వెళ్లారు? 1869 లో సూయెజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. కోతకు, రైసు మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి మనుషులు కావాలి. మన తీరంలో పనిలేని చేతులున్నాయి. మూడు నాలుగు రోజుల సముద్ర ప్రయాణం. పై డెక్కు మీద చాప పరుచుకున్నంత చోటే ప్రయాణికుడి సొంతం. బర్మావాళ్లు మనల్ని 'కోరంగీ' అన్నారు. కోరంగి రేవు పూడిపోయినా దాని పేరు మాత్రం మన కూలీకి అంటుకుపోయింది.

టికెట్టు డబ్బు కూలీ దగ్గర ఉండేది కాదు. మేస్త్రీ ఊరికొచ్చి బయానా ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అక్కడ పని ఇప్పించేదీ, జీతం చేతికిచ్చేదీ, అప్పు కింద పట్టుకునేదీ ఆ మేస్త్రీయే. కంపెనీ నేరుగా కూలీని ఎరగదు. మేస్త్రీ పైన పెద్ద మేస్త్రీ, ఆ పైన కాంట్రాక్టరు. జీతం ఆలస్యమైతే ఎవర్ని అడగాలో తెలియదు. ఈ పద్ధతి గురించి మన పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. పేర్లు మారాయి గానీ మెట్లు అవే.

చట్టం మాటేమిటి? బయటి దేశాలకు వెళ్లే కూలీల కోసం 1922 లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. కానీ 1937 దాకా బర్మా ఇండియాలో భాగం. కాబట్టి రంగం వెళ్లినవాడు చట్టం లెక్కలో ప్రవాసి కాడు. సముద్రం దాటాడు, భాష రాని చోట చేరాడు, అయినా కాగితం మీద ఊరు దాటనట్టే. 1929 లో వేసిన విట్లీ కమిషన్ బర్మా కూలీల స్థితిని కూడా విచారించి 1931 లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి మించి భారతీయులే ఉన్నారు. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షకు పైనే.

బర్మా చమురు, గల్ఫ్ చమురు

ఇక్కడే మన కాంపు దాకా వచ్చే దారి కనబడుతుంది. గ్లాస్గో వర్తకుడు డేవిడ్ కార్గిల్ 1886 లో బర్మా ఆయిల్ కంపెనీ స్థాపించాడు. ఐరావతి ఒడ్డున చమురు తీసి, రంగూన్ ఎదుట ఉన్న సిరియంలో శుద్ధి చేసేవాళ్లు. లాభాల లెక్క గ్లాస్గోలో చూసేవాళ్లు.

ఇరాన్‌లో డార్సీ అనే ఆయన చమురు కోసం తవ్వించి డబ్బు అయిపోయి చతికిలబడితే, 1905 లో ఈ బర్మా ఆయిల్ కంపెనీయే ముందుకొచ్చి డబ్బు పెట్టింది. 1908 మేలో మస్జిదె సులేమాన్‌లో చమురు పడింది. మర్నాటి ఏడాది ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది. ఇవాళ బీపీ అని మనం బంకుల మీద చూసే పేరు దానిదే. 1934 లో ఏర్పడిన కువైట్ ఆయిల్ కంపెనీలో సగం వాటా ఈ ఆంగ్లో పర్షియన్ కంపెనీది. 1938 లో బుర్గాన్‌లో చమురు పడింది.

చమురుతో పాటు మనుషులను తెచ్చే పద్ధతి కూడా ప్రయాణం చేసింది. అబాదాన్ రిఫైనరీ కట్టినప్పుడు, బర్మాలో పని నేర్చిన భారతీయులనూ, ఇండియా నుంచి కొత్తవాళ్లనూ అక్కడికి తీసుకెళ్లారు. 1920 లో ఆ భారతీయ కార్మికులు జీతం కోసం, పని గంటల కోసం సమ్మె కట్టారు. 1922 లో మళ్లీ గొడవ జరిగితే చాలామందిని ఓడెక్కించి వెనక్కి పంపేశారు. గల్ఫ్‌లో మనవాళ్ల కథ 1970ల బూమ్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. దానికి యాభై ఏళ్ల ముందే ఈ తీరంలో భారతీయుడి చెమటా పడింది, హక్కు అడిగిన గొంతూ వినపడింది.

ఓడ కట్టినవాడి ఇల్లు

ఇదంతా చదివి గ్లాస్గో మనుషులందరూ మన సొమ్ము తిని సుఖపడ్డారని అనుకోవద్దు. ఓడలు కట్టిన కార్మికుడు ఒక గదిలో, మహా అయితే రెండు గదుల్లో పిల్లాపాపలతో ఉండేవాడు. నాలుగైదు కుటుంబాలకు కలిపి ఒక మరుగుదొడ్డి. 1915 లో యుద్ధం సాకుతో ఇంటి యజమానులు అద్దెలు పెంచితే, గోవన్ పేటలో మేరీ బార్బర్ అనే గృహిణి ముందు నిలబడి ఆడవాళ్లను కూడగట్టింది. ఖాళీ చేయించడానికి వచ్చిన అధికార్లను గంట మోగించి, అందరినీ పోగుచేసి తరిమేశారు. నవంబరు నాటికి సుమారు ఇరవై వేల కుటుంబాలు పెంచిన అద్దె కట్టడం మానేశాయి. షిప్‌యార్డు కార్మికులు కూడా వాళ్ల వెంట నడిచారు. ఆ ఏడాది ముగిసేలోపే అద్దెలు పెంచకుండా ప్రభుత్వం చట్టం తెచ్చింది.

అదే గ్లాస్గో కార్మికుల్లో కొందరు 1919 జనవరిలో రేవులో నల్లజాతి నావికుల మీద దాడి చేశారు. తక్కువ జీతానికి పనిచేసి మా పొట్ట కొడుతున్నారన్నది వాళ్ల కోపం. ఆ తక్కువ జీతం నిర్ణయించిన ఓడల కంపెనీ మీదికి మాత్రం ఆ గుంపు వెళ్లలేదు.

రంగంలోనూ అదే జరిగింది. 1930 మేలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి దించాయి. సమ్మె ముగిసి మనవాళ్లు తిరిగి రాగానే వాళ్లను పొమ్మన్నాయి. రెండువైపులా ఆకలే. కొట్లాట మొదలై వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే.

వెనక్కి వచ్చిన దారి

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్లు బయటపడ్డారు. దొరకనివాళ్లు 1942 లో కొండలు, అడవులు దాటి అస్సాం వైపు, అరకాన్ వైపు నడిచారు. లక్షల మంది నడిస్తే వేల మంది దారిలోనే రాలిపోయారు. ఐరావతి నది మీద తిరిగిన గ్లాస్గో కంపెనీ స్టీమర్లను జపాన్ చేతికి చిక్కకుండా కంపెనీయే నదిలో ముంచేసింది. కంపెనీకి పోయింది ఓడ, మనవాడికి పోయింది ఇల్లు, బిడ్డ.

1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక మిగిలినవాళ్లలో ఎందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఉంది. 1990 ఆగస్టులో కువైట్ నుంచి ఉన్నపళంగా వచ్చేసిన మనవాళ్లకు ఆ కథ చెబితే సగంలోనే అర్థమవుతుంది.

విశాఖ, గ్లాస్గో: రెండు పోరాటాలు

విశాఖలో బురద నేలను తవ్వి రేవు చేశారు. అలలను ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. 1933 అక్టోబరు 7న రేవు తెరుచుకుంది. అందులోకి వచ్చిన మొదటి ఓడ 'జలదుర్గ' స్వదేశీ కంపెనీ అయిన సింధియాది. ఆ సింధియా కంపెనీయే 1941 లో విశాఖలో షిప్‌యార్డు మొదలుపెట్టింది. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 8,000 టన్నుల 'జల ఉష' నీళ్లలోకి దిగింది. ఓడ ఎక్కడమే తెలిసిన తీరం మళ్లీ ఓడ కట్టింది.

ఉక్కు కోసం 1966 లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. సరిగ్గా అదే ఏడాది గ్లాస్గోలో షిప్‌యార్డులకు ఉరి బిగిసింది. అప్పటికే 1962 లో రైలింజన్ల కంపెనీ మూతపడింది. 1971 లో అప్పర్ క్లైడ్ షిప్‌బిల్డర్స్ దివాలా తీస్తే, వేలమంది కార్మికులు సమ్మె చేయలేదు. యార్డుల్లో చేరి, జిమ్మీ రీడ్, జిమ్మీ ఎయిర్లీ నాయకత్వంలో పని ఆపకుండా చేసుకుపోయారు. తాగుడు లేదు, అల్లరి లేదు. ఆర్డరున్న ఓడలను పూర్తిచేస్తామన్నారు, చేశారు. 1972 ఫిబ్రవరిలో ప్రభుత్వం దిగొచ్చి మూడున్నర కోట్ల పౌండ్లు ఇచ్చింది. గోవన్, స్కాట్స్‌టన్ యార్డుల్లో నేటికీ యుద్ధనౌకలు కడుతున్నారు.

2021 లో విశాఖ ఉక్కును అమ్మేస్తామని కేంద్రం చెప్పినప్పుడు కార్మికులు ఏళ్ల తరబడి దీక్షలు చేశారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ ఫ్యాక్టరీ నిలబడితే మన పిల్లల్లో కొందరికైనా వీసా అవసరం ఉండదు. ఆ కార్మికుల పోరాటంలో మన ఇంటి లెక్క కూడా ఉంది.

అసలు ప్రశ్నకు జవాబు

ఇప్పుడు మన తీరంలో విశాఖతో పాటు గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవులు నడుస్తున్నాయి. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో కొత్త రేవుల పనులు చేపట్టారు. కోనసీమ నేల కింద గ్యాస్ ఉంది. 1995 లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది, 2014 లో నగరంలో పైపు పేలి జనం చనిపోయారు. ఆ కోనసీమ నుంచే అక్కచెల్లెళ్లు కువైట్‌లో ఇళ్లల్లో పనికి వస్తున్నారు. శ్రీకాకుళం జాలరి ఇంటి ముందే సముద్రం ఉన్నా, గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి పరాయి బోటు ఎక్కుతున్నాడు. అలా వెళ్లి 2018 లో పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరికి గానీ ఇల్లు చేరలేదు.

కాబట్టి మనం ఇక్కడ ఉన్నది మన నేల గొడ్డుదై కాదు. సముద్రం, నది, గ్యాస్, బొగ్గు అన్నీ ఉన్నాయి. రేవు ఎవరు తవ్వారు, ఓడ ఎవరు కట్టారు, కాలువ ఎవరి పొలానికి పారింది, మనిషికీ పనికీ మధ్య ఎవరు నిలబడ్డారు అన్నదాన్ని బట్టి ఒక ఊరు పని ఇచ్చేదవుతుంది, ఇంకో ఊరు మనుషులను పంపేదవుతుంది. గ్లాస్గో కూడా ఎల్లకాలం పని ఇచ్చే ఊరుగా మిగల్లేదు. ఒకప్పుడు పది లక్షలు దాటిన ఊరి జనాభా తర్వాత ఆరు లక్షల చిల్లరకు పడిపోయింది. క్లైడ్ రేవు నుంచే లెక్కలేనంతమంది స్కాట్లు కెనడాకు, ఆస్ట్రేలియాకు ఓడెక్కారు. చివరికి ఆ ఊరి కార్మికుడికి మిగిలింది చేతిలోని పనితనం, పక్కవాడితో కలిసి నిలబడి సాధించుకున్న హక్కు.

మనకూ ఆ రెండే దిక్కు. ఎలక్ట్రీషియన్ పక్కన హెల్పరుగా చేస్తున్న తమ్ముడు ఆ పని పూర్తిగా నేర్చుకోవాలి, సర్టిఫికెట్టు తీసుకోవాలి. ఊళ్లో ఎవరైనా వీసాకు డబ్బు కడుతుంటే, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూడమని, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగమని చెప్పాలి. వేలిముద్ర వేసి రంగం వెళ్లిన తాతకు ఆ మాట చెప్పేవాడు దొరకలేదు. కాంపులో కొత్తగా వచ్చిన నేపాలీ, బెంగాలీ తక్కువ జీతానికి ఒప్పుకున్నాడని వాడి మీద కోపం తెచ్చుకునే ముందు, 1930 లో రంగం రేవులో ఏం జరిగిందో ఒకసారి తలుచుకోవాలి.

వచ్చే శుక్రవారం కూర్చున్నప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఫోను చేసి అడగండి. మన ఇంటి నుంచి రంగం వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఏ రేవులో ఓడెక్కారు, తిరిగొచ్చారా అని. చాలా ఇళ్లల్లో ఒక పేరు బయటికొస్తుంది. ఆ పేరు పిల్లలకు కూడా చెప్పండి.